నల్లగొండలో అక్వేరియానికి వేయించిన కరెంటు లైను: ఏడాది వాడకం తరువాత

నల్లగొండ గడియారం సెంటర్‌కు నడిచి వెళ్లేంత దూరంలో ఉన్న ఒక అక్వేరియం దుకాణం వారు తొట్లు, చేపలు అమ్మడంతో పాటు, కావాలన్నవారికి తమ దగ్గర పనిచేసే ఎలక్ట్రీషియన్‌ను పంపి తొట్టికి విడిగా కరెంటు లైను వేయించి ఇస్తారు. గత ఏడాది మే నెలలో మా ఇంట్లో ఆ పని చేయించుకున్నాను. ఒక ఎండాకాలం, ఒక వానాకాలం, ఒక చలికాలం గడిచాక ఇప్పుడు రాస్తున్న అభిప్రాయం ఇది. మెచ్చుకోవలసిన పని ఎక్కువగానే ఉన్నా, చిన్నదని కొట్టిపారేయలేని పొరపాటు కూడా ఒకటి జరిగింది కనుక దుకాణం పేరు ఇక్కడ రాయడం లేదు.

మాది 4 అడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తు ఉన్న తొట్టి. నిండా పోస్తే దాదాపు 255 లీటర్లు పడుతుంది. గాలి పంపు, ఫిల్టరు, లైటు మూడింటికీ కలిపి ఒక ఎక్స్‌టెన్షన్ బాక్స్ ఉండేది, దానిని ఇనుప స్టాండు కింది అరలో పెట్టి ఉంచాము. మే మొదటి వారంలో ఒక రాత్రి ఈదురుగాలులతో వాన పడి, పది గంటలకు పోయిన కరెంటు మళ్లీ తెల్లవారి ఆరింటికి వచ్చింది. ఫ్యాన్లు, లైట్లు అన్నీ తన మీదే నడిచిన ఇన్వర్టర్ రెండు గంటలు దాటకముందే చేతులెత్తేసింది. గాలి పంపు ఆగగానే, అది నీటి మట్టానికి కింద ఉన్నందువల్ల, తొట్టిలోని నీరు సన్నటి గాలి గొట్టం గుండా వెనక్కి నడిచి పంపులోకి, అక్కడి నుంచి ఎక్స్‌టెన్షన్ బాక్స్‌లోకి దిగింది. ఇరవై రూపాయలు పెట్టి గొట్టం మధ్యలో ఒక నాన్-రిటర్న్ వాల్వ్ బిగించి ఉంటే ఆ నీరు పంపు దాకా వచ్చేదే కాదు. పొద్దున కరెంటు వచ్చాక అమ్మ తడిసిన నేల మీద వట్టి కాళ్లతో నిలబడి స్టాండు పట్టుకుంది, చెయ్యి జివ్వుమని వెనక్కి లాక్కుంది. ఏ ఎంసీబీ (లోడు మించితే తనంతట తానే పడి లైను కోసే స్విచ్చి) కూడా పడలేదు. ఒంట్లోంచి పారిన కరెంటు ప్రాణానికి ప్రమాదమే గాని, ఎంసీబీ లెక్కలో అది ఒక చిన్న బల్బుకు కూడా సరిపోని లోడు.

మా మెయిన్ బోర్డులో ఆర్‌సీసీబీ, అంటే కరెంటు లీకయితే లైను కోసే స్విచ్చి, ఉంది. ఇల్లు కట్టినప్పుడే పెట్టించాము. అది ఎందుకు పడలేదన్నదే నాకు అంతుపట్టలేదు. దుకాణం పంపిన ఎలక్ట్రీషియన్ చేసిన మొదటి మంచి పని ఏమిటంటే, తొట్టి దగ్గర కూర్చుని కొత్త సామాను జాబితా రాయకుండా, తొట్టి ప్లగ్గు నుంచి మెయిన్ బోర్డు దాకా లైను ఎటు పోతున్నదో ఒక గంట సేపు వెతకడం. చివరికి బోర్డు మూత తీసి చూపించి, ‘సార్, మీ ట్రిప్పర్ (ఆర్‌సీసీబీని అతను అలా అంటాడు) వంటింటికి, గీజరుకే పనిచేస్తది. ఇన్వర్టర్ లైను దీన్ని దాటేసి పోతున్నది, తొట్టికి ఎవరూ కాపలా లేరు’ అన్నాడు. నాలుగేళ్ల కిందట ఇన్వర్టర్ పెట్టిన మనిషి, దానివల్ల ఆర్‌సీసీబీ మాటిమాటికి పడిపోతున్నదని, ఆ లైనును దానికి ముందు నుంచే తీసుకుపోయాడు. ఆర్‌సీసీబీ చేసే పని ఒకటే: ఫేజ్‌లో వెళ్లిన కరెంటు అంతా న్యూట్రల్‌లో తిరిగి వచ్చిందా లేదా అని పోల్చి చూడటం. ఇన్వర్టర్ లోడుకు, మామూలు లోడుకు న్యూట్రల్ ఒకటే అయి, అందులో కొంత భాగం ఆర్‌సీసీబీ గుండా కాక మరో దారిన వెళ్తే, ఎక్కడా లీకేజీ లేకపోయినా దానికి తేడా కనిపించి పడిపోతుంది. న్యూట్రళ్లను విడదీయడం పెద్ద పని కనుక దాన్నే తప్పించడం సులువైన దారిగా చాలా ఇళ్లలో జరుగుతున్నది. ఇన్వర్టర్ ఉన్న ప్రతి ఇంట్లో, అక్వేరియం ఉన్నా లేకున్నా, ఈ ఒక్క విషయాన్ని బోర్డు తీయించి చూసుకోవడం మంచిది.

అతను ఇన్వర్టర్ నుంచి తొట్టికి ఫేజ్, న్యూట్రల్, ఎర్త్ మూడు తీగలు విడిగా లాగి, ఆ లైను మీదనే ఒక 6 ఆంపియర్ల ఎంసీబీ, ఒక కొత్త ఆర్‌సీసీబీ పెట్టాడు. హీటరుతో కలిపి మా తొట్టి మొత్తం లోడు 265 వాట్లు, అంటే 230 వోల్టుల దగ్గర ఒకటింబావు ఆంపియరు కూడా కాదు. 6 ఆంపియర్ల ఎంసీబీ కావలసినదానికన్నా ఎక్కువే.

పొరపాటు జరిగింది ఇక్కడే. పని ముగించి, టెస్ట్ బటన్ నొక్కి, టక్కున పడటం చూపించి, సామాను సర్దుకున్నాడు. అతను వెళ్లబోతుండగా, ఊరికే చూద్దామని కళ్లద్దాలు పెట్టుకుని ఆర్‌సీసీబీ ముఖం మీద ఉన్న సన్నటి అక్షరాలు చదివితే 0.03 ఉండవలసిన చోట 0.1 ఆంపియరు అని కనిపించింది. మనుషుల రక్షణకు పెట్టవలసింది 30 మిల్లీ ఆంపియర్లది. 100, 300 మిల్లీ ఆంపియర్లవి ముఖ్యంగా అగ్నిప్రమాదాల నివారణకు, పై స్థాయి లైన్లకు ఉద్దేశించినవి. తడి చేతి గుండా 60, 70 మిల్లీ ఆంపియర్లు పోతున్నా అవి కదలకుండా ఊరుకోవచ్చు, గుండె మాత్రం ఊరుకోదు. టెస్ట్ బటన్ ఏ రేటింగు ఆర్‌సీసీబీలోనైనా సక్రమంగానే పనిచేస్తుంది. అది లోపలి యంత్రం కదులుతున్నదని చెప్పగలదే తప్ప, పెట్టింది సరైన వస్తువని గాని, ఇంటి ఎర్తింగ్ బాగున్నదని గాని చెప్పలేదు. దుకాణంలో ఆ రోజు 30 మిల్లీ ఆంపియర్లది లేక, ఉన్నది తెచ్చానని అతను ఒప్పుకున్నాడు. మరుసటి రోజు ఉదయమే సరైనది తెచ్చి మార్చాడు, అదనంగా ఏమీ అడగలేదు. అయినా నేను చదవకపోయి ఉంటే అదే ఉండిపోయేది కదా అన్న ఆలోచన నన్ను చాలా రోజులు వదలలేదు.

మార్చిన తరువాత, నేను అడగకుండానే, టెస్ట్ ల్యాంపు తెచ్చి సాకెట్‌లో ఫేజ్‌కు, ఎర్త్‌కు మధ్య పెట్టాడు. బల్బు సరిగ్గా వెలగనైనా వెలగకముందే ఆర్‌సీసీబీ పడిపోయింది. తరువాత మెయిన్ ఆపి, ఇన్వర్టర్ మీద మళ్లీ అదే పరీక్ష చేశాడు. మా ఇన్వర్టర్‌లో మెయిన్ న్యూట్రల్ తెగకుండా నేరుగా బయటకు వస్తుంది కనుక అప్పుడూ పడింది. అన్ని ఇన్వర్టర్లలోనూ ఇదే అమరిక ఉండదు కాబట్టి, రెండు స్థితుల్లోనూ పరీక్షించి చూపమని పట్టుబట్టడం అవసరం. ఇది ఎలక్ట్రీషియన్ చేయవలసిన పరీక్ష, ఇంట్లోవాళ్లు చేయవలసింది కాదు. మన పని నెలకొకసారి బటన్ నొక్కడం వరకే.

ఎర్తింగ్ గురించి మా ప్రాంతానికి తగిన మాట ఒకటి చెప్పాడు. రాతి నేల మీద ఎండాకాలంలో ఎర్తింగ్ గుంత పూర్తిగా ఎండిపోయి, భూమిలోకి దారి సన్నబడుతుంది. వారానికి రెండు బిందెల నీళ్లు పోయమన్నాడు. 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీకి అంత గట్టి ఎర్తింగ్ లేకపోయినా పనిచేసే గుణం ఉంది గాని, స్టాండు లాంటి ఇనుప వస్తువు మనిషి ముట్టుకోకముందే లైను తెగిపోవాలంటే దానికి ఎర్త్ తీగ ఉండి తీరాలి. మా స్టాండు కాలికి అతను ఆకుపచ్చ తీగ బిగించాడు. ఇన్నాళ్లూ అక్వేరియం స్టాండుకు ఎర్తింగ్ చేయాలన్న ఆలోచనే నాకు రాలేదు.

నీటికి మాత్రం ఇంత సులువైన పరిష్కారం లేదు. గాజు తొట్టి విద్యుత్తును భూమిలోకి పోనివ్వదు కాబట్టి, హీటరు గాజు పగిలినా, పంపు తీగ కోసుకుపోయినా, నీటిలో కరెంటు ఉండి కూడా ఆర్‌సీసీబీ నిమ్మళంగా ఉండవచ్చు. భూమికి దారి దొరికేది మన చెయ్యి ముంచినప్పుడే. అప్పుడు అది పడుతుంది, కాకపోతే ఆ క్షణం కరెంటు మన గుండానే పోతుంది. అందుకే చెయ్యి పెట్టే ముందు ప్లగ్గులు తీయడం మేము ఇప్పటికీ మానలేదు. హీటరును ఆపాక 20 నిమిషాలు ఆగి నీరు తగ్గించడం కూడా అంతే ముఖ్యం, ఎందుకంటే వేడి మీదున్న గాజు గాలి తగలగానే పగిలే ప్రమాదం ఉంది.

సాకెట్ల పెట్టెను గోడకు, తొట్టి అంచు నుంచి అడుగున్నర పక్కకు, నేల నుంచి నాలుగున్నర అడుగుల ఎత్తున బిగించారు. ప్రతి తీగ కిందికి వేలాడి మళ్లీ పైకి ఎక్కి ప్లగ్గును చేరుతుంది. తీగ మీదుగా జారిన నీటి బొట్టు ఆ వంపు దగ్గరే నేల మీద పడుతుంది. మా బోరు నీళ్లు బాగా గడుసువి, బుడగలు పగిలిన చోటల్లా తెల్లని ఉప్పు పొర కడతాయి. ఆ పొర మునుపు ఎక్స్‌టెన్షన్ బాక్స్ పిన్నుల మీద కూడా పేరుకుని ఉంది, గాలిలో తేమ పెరిగినప్పుడు అది కూడా కరెంటుకు దారే. కొత్త పెట్టెలో ఏడాది తరువాత చూస్తే ఆ పొర జాడ లేదు.

ఇక పవర్ లెక్క. ఈ విషయంలో దుకాణం వారి సలహా సగం వరకే బాగుంది. ఫిల్టరు 30 వాట్లు, గాలి పంపు 5 వాట్లు రోజంతా, లైటు 30 వాట్లు 8 గంటలు నడిస్తే రోజుకు ఒక యూనిట్ పైచిలుకు, నెలకు 32 యూనిట్లు అవుతాయి. 200 వాట్ల హీటరును డిసెంబరు, జనవరి నెలల్లోనే పెడతాము. రోజులో 8 గంటలు వెలిగినా అది ఒక్కటే 1.6 యూనిట్లు తీసుకుంటుంది. హీటరును, లైటును ఇన్వర్టర్ లైనులో కలపకుండా మెయిన్ మీదే ఉంచడం, ఆ లైనుకు కూడా ఆర్‌సీసీబీ రక్షణ ఉండేలా చూడటం అతని నిర్ణయమే, అది సరైనదే: 250 లీటర్ల నీరు రెండు మూడు గంటల్లో చల్లబడిపోదు, చేపల ఊపిరికి మాత్రం అంతసేపు ఆగే వీలు లేదు.

150 ఆంపియర్-అవర్ల 12 వోల్టుల బ్యాటరీలో కాగితం మీద 1,800 వాట్-అవర్లు ఉంటాయి. పూర్తిగా పిండేస్తే బ్యాటరీ పాడవుతుంది, మార్పిడిలో కొంత పోతుంది. చేతికి వచ్చేది 850 అనుకోవచ్చు. ఫిల్టరు, గాలి పంపు, ఇన్వర్టర్ తన కోసం తినే కొంత కలిపి 50 వాట్లు అనుకుంటే 17 గంటలు వస్తుంది. రెండు ఫ్యాన్లు, రెండు మూడు బల్బులు చేరితే నాలుగు గంటలు కూడా రాదు, అది కొత్త బ్యాటరీకి; ఆ రాత్రి మా పాత బ్యాటరీ అందులో సగమే ఇచ్చింది. ఈ లెక్క వాళ్లు చెప్పి ఉండవలసింది, చెప్పలేదు. మా పాత స్క్వేర్‌వేవ్ ఇన్వర్టర్ మీద ఫిల్టరు మోటారు గుయ్యిమని మోగి, చేయి పెట్టలేనంత వేడెక్కేది. దాని సంగతీ చెప్పలేదు. సెప్టెంబరులో నేనే సైన్‌వేవ్ (లైను కరెంటు లాంటి నునుపైన తరంగం ఇచ్చే) ఇన్వర్టర్ కొని మార్చాక ఆ మోత పోయింది. ఇన్వర్టర్ మారింది కనుక టెస్ట్ ల్యాంపు పరీక్షను మళ్లీ చేయించాను.

వాళ్లే అమ్మిన, కరెంటు పోగానే దానంతట అదే మొదలయ్యే లిథియం బ్యాటరీ గాలి పంపును విడిగా మెచ్చుకోవాలి. పెట్టె మీద 20 గంటలు అని ఉంది. నేను ఒక ఆదివారం గడియారం పెట్టుకుని చూస్తే 11 గంటలు నడిచి ఆగింది. మాటకు తగ్గ వస్తువు కాదు గాని, అవసరానికి సరిపోయే వస్తువు. 25 డిగ్రీల దగ్గర లీటరు నీరు 8.2 మిల్లీగ్రాముల దాకా ఆక్సిజన్‌ను పట్టుకోగలిగితే, 32 డిగ్రీల దగ్గర అది 7.3కు పడిపోతుంది, అదే సమయంలో వేడికి చేపల ఊపిరి వేగం పెరుగుతుంది. బయట 44 డిగ్రీలు దాటే మా ఊరి మే నెలలో తొట్టి నీరు 32కు చేరడం మామూలే. పోయిన నెలలో కరెంటు ఆరు గంటలు లేనప్పుడు ఇన్వర్టర్‌ను ఇంటికే వదిలేసి ఈ పంపు మీద ఆధారపడ్డాము. చేపలు పైకి వచ్చి నోళ్లు తెరవలేదు.

తీగలు, పెట్టె, ఎంసీబీ, ఆర్‌సీసీబీ, కూలి కలిపి 4,600 రూపాయలు, గాలి పంపుకు 1,100 రూపాయలు తీసుకున్నారు. బిల్లులో కూలి ఎంత, సామాను ఎంత అని విడదీసి రాయలేదు, అడిగితే నోటితో చెప్పారు. ఆర్‌సీసీబీకి వారంటీ కార్డు ఇవ్వలేదు. పెట్టె మీద ఏ సాకెట్ ఇన్వర్టర్‌ది, ఏది మెయిన్‌ది అని రాయలేదు. నేను స్కెచ్ పెన్నుతో రాసి, పైన సెలోఫేన్ టేపు అంటించాను.

లైనును మొదటి నుంచి చివరి దాకా వెతికే ఓపిక ఉన్న మనిషి కావాలంటే ఈ దుకాణానికి వెళ్లవచ్చు. పెట్టిన ప్రతి ఆర్‌సీసీబీ మీద 0.03 అని ఉందో లేదో అతను ఇంటి గడప దాటకముందే చూసుకోండి. ఈ డిసెంబరులో హీటరు పెట్టే ముందు ఒకసారి వచ్చి చూడమని చెప్పాను, దానికి 300 రూపాయలు అడిగాడు, ఒప్పుకున్నాను.