పీఎంపీకి గైడ్ చదవడం మేలా, ప్రశ్నలు చేయడం మేలా?

ప్రాజెక్ట్ మేనేజర్లకు పీఎంఐ అనే సంస్థ పెట్టే సర్టిఫికేషన్ పరీక్ష పీఎంపీని మొదటిసారి రాసి తప్పాను, అదీ చదవక కాదు. ఆ సంస్థే వేసే పీఎంబాక్ గైడ్ ఆరో ఎడిషన్‌లోని 49 ప్రాసెస్‌లూ, ఒక్కోదాని ఇన్‌పుట్‌లూ అవుట్‌పుట్‌లూ నిద్రలో లేపి అడిగినా చెప్పేలా బట్టీ పట్టి మరీ వెళ్లాను. తీరా చూస్తే అక్కడ అడిగేది జ్ఞాపకశక్తిని కాదు, ఈ పరిస్థితిలో మీరైతే ముందు ఏం చేస్తారని.

అందుకే ఇప్పుడు ఎవరైనా అడిగితే నా ఓటు ప్రశ్నలకే. అలాగని గైడ్ దండగ అనను. సీపీఐ (చేసిన పని విలువను అయిన ఖర్చుతో భాగిస్తే వచ్చేది) 1 కంటే తక్కువుంటే పని విలువకు మించి ఖర్చవుతోందని, క్రిటికల్ పాత్ (ప్రాజెక్టు ముగింపు తేదీని నిర్ణయించే పనుల వరుస) మీద ఒక పని ఆలస్యమైతే ప్రాజెక్టు మొత్తం ఆలస్యమవుతుందని కుదురుగా కూర్చుని చదివితేనే ఎక్కుతుంది, ప్రశ్నల మధ్యలో నేర్చుకుందామంటే అతుకుల బొంతలా తయారవుతుంది. ముఖ్యంగా ఇన్నేళ్లూ ఎజైల్ (పనిని చిన్న విడతలుగా చేస్తూ, దారిలో మార్చుకుంటూ పోయే పద్ధతి) టీముల్లోనే పనిచేసినవాళ్లకు ముందు గైడే మేలు.

కానీ గైడ్ ఇవ్వలేనిది ఒకటుంది. ఒక ఉదాహరణ చూడండి: పని సగంలో ఉండగా క్లయింట్ కొత్త ఫీచర్ కావాలన్నాడు, మీరేం చేస్తారు? ముందే ప్లాన్ ఖరారైన ప్రాజెక్టయితే దాని ప్రభావం ఎంతో లెక్కగట్టి, చేంజ్ రిక్వెస్ట్ పెట్టి, ఆమోదం వచ్చాకే ముట్టుకోవాలి. అదే ఎజైల్ అయితే చేయాల్సిన పనుల జాబితా, అంటే బ్యాక్‌లాగ్‌లో చేర్చి ఏది ముందో ప్రోడక్ట్ ఓనర్‌కు వదిలేయాలి. అడిగింది ఒకటే, జవాబులు రెండు, ఆ తేడా చెప్పే ఆనవాలు ప్రశ్నలో ఎక్కడో ఒక్క మాటలో ఉంటుంది. పైగా నాలుగు ఆప్షన్లూ మంచివిగానే కనిపిస్తాయి. నేను రాసినప్పుడు 180 ప్రశ్నలకు 230 నిమిషాలు, అంటే ఒక్కోదానికి 77 సెకన్లు కూడా లేవు, సగం దాకా ఎజైల్, రెండు పద్ధతులూ కలిపిన హైబ్రిడ్ ప్రశ్నలే, విరామం తీసుకున్నాక వెనక ప్రశ్నలకు వెళ్లనివ్వరు కూడా. ఆ టెన్షన్‌లో ఒక్క మాటను పట్టుకునే కన్ను సాధనతోనే వస్తుంది.

ప్రశ్నల్లోనూ ఒక ఉచ్చు ఉంది. అదే సెట్ మళ్లీ మళ్లీ చేస్తే మార్కులు పెరుగుతాయి, మనకు వచ్చేసిందనుకుంటాం, నిజానికి జవాబులు గుర్తుండిపోయాయంతే. రెండోసారి నేను ప్రశ్నల సంఖ్య తగ్గించి, తప్పు పోయిన ప్రతిదానికీ ఎందుకు పోయిందో, మిగతా మూడు ఆప్షన్లు ఎందుకు కావో సొంత మాటల్లో రాసుకున్నాను. విసుగు పుట్టే పనే, కానీ నన్ను గట్టెక్కించింది అదే.

ఇక క్లాసులంటారా, దరఖాస్తుకు 35 గంటల శిక్షణ ఎలాగూ కావాలి, పీఎంఐదే ప్రారంభ స్థాయి సర్టిఫికెట్ సీఏపీఎం ఉన్నవాళ్లకు తప్ప. దాంతో సిలబస్ ఒకసారి చుట్టేసినట్టవుతుంది, అక్కడితో ప్రిపరేషన్ అయిపోయిందనుకోకండి.

నన్నడిగితే మూడు వారాలు గైడ్, ఆ తర్వాతదంతా ప్రశ్నలు, చివర్లో టైమ్ పెట్టుకుని రెండు మూడు పూర్తి మాక్ పరీక్షలు. పరీక్ష విధానం కొన్నేళ్లకోసారి మారుతుంది కాబట్టి, మీ తేదీకి ఏ సిలబస్, అంటే ఏ ఎగ్జామ్ కంటెంట్ అవుట్‌లైన్ వర్తిస్తుందో పీఎంఐ సైట్‌లో చూసుకున్నాకే ప్రశ్నల సెట్‌కు డబ్బు కట్టండి.