గోంగూర బావో బ్రహ్మాండం, కిమ్చీ దగ్గర మాత్రం అడిగి తినండి

మా అమ్మాయి పుట్టినరోజని పోయిన ఆదివారం గుంటూరు నుంచి నలుగురం విజయవాడ వెళ్లాం. మొగల్రాజపురంలో కొత్తగా పెట్టిన ఏషియన్ ఫ్యూజన్ రెస్టారెంట్‌లో టేబుల్ మా అమ్మాయే బుక్ చేసింది. పేరు రాయడం లేదు. కుర్రాళ్లు కష్టపడి నడుపుతున్నారు, పొరపాటు దిద్దుకుంటే చాలు.

ముందు గోంగూర చికెన్ బావో గురించి చెప్పాలి. బావో అంటే మైదా పులియబెట్టి, మన ఇడ్లీలాగే ఆవిరి మీద ఉడికించే తెల్లటి బన్ను. దాన్ని మధ్యకు మడిచి లోపల చికెన్ పెట్టారు. గోంగూరని పచ్చడిలా నూరి పూయలేదు. నూనెలో వెల్లుల్లి, ఎండుమిర్చితో మగ్గించి ముక్కకి పట్టించారు. కొరగ్గానే బన్ను తీపి తగులుతుంది, ఆ వెనకే పులుపు, మింగాక కారం. మావారిది మిర్చి యార్డులో కమీషన్ వ్యాపారం, కారం విషయంలో ఆయన్ని మెప్పించడం తేలిక కాదు. "ఇది తేజ రకం మిర్చి ఘాటు కాదు, 334 సన్నం రకంలా ఉంది, మెల్లగా ఎక్కుతోంది" అంటూ రెండో ప్లేటు చెప్పారు. ప్లేటుకి రెండు, 320 రూపాయలు.

కీరా సుషీ నచ్చలేదు. సుషీ జపాన్ వాళ్ల అన్నం వంటకం, దానికి పొట్టి గింజ బియ్యం వాడతారు. వండాక అన్నం జిగురుగా ఉంటుంది, అందులో వెనిగర్, పంచదార, ఉప్పు కలుపుతారు. వీళ్లది మన బీపీటీ అన్నంలా పలుకు పలుకుగా ఉంది. పుల్లలతో ఎత్తగానే విడిపోయి సోయా సాస్‌లో పడింది.

ఇక కిమ్చీ. మా అత్తయ్యగారు ముప్పై ఏళ్లుగా నీసు ముట్టరు. మెనూలో కిమ్చీ ఫ్రైడ్ రైస్ పక్కన ఆకుపచ్చ చుక్క ఉందని ఆవిడకి అదే ఆర్డర్ చెప్పాం. కిమ్చీ కొరియా వాళ్ల నిల్వ పచ్చడి. క్యాబేజీకి ఉప్పు, కారం, వెల్లుల్లి, అల్లం పట్టించి పులియబెడతారు. ఏటా ఆవకాయ పెట్టేదాన్ని కాబట్టి ఇలాంటివి ఎలా చేస్తారో తెలుసుకోవడం నాకిష్టం. చాలామంది అందులో చేపల సాసో, ఉప్పు రొయ్యలో వేస్తారని చదివాను.

"బాబూ, ఇందులో చేపల సాస్ వేస్తారా?" అని అడిగాను.

"లేదు మేడమ్, ప్యూర్ వెజ్" అన్నాడు ఆ అబ్బాయి, వంటగది వైపు తిరిగైనా చూడకుండా.

ఒకసారి కనుక్కుని రమ్మన్నాను. ఐదు నిమిషాలకి షెఫ్ స్వయంగా కిమ్చీ సీసా పట్టుకుని వచ్చాడు. లేబుల్ మీద నెత్తళ్ల (చిన్న చేపల) రసం అని స్పష్టంగా ఉంది. "పొరపాటైందమ్మా, బయట కొన్న కిమ్చీ, మేం చూసుకోలేదు" అన్నాడు. అప్పటికే అత్తయ్యగారు చెంచా చేతిలోకి తీసుకున్నారు. నాకు కాళ్లూ చేతులూ ఆడలేదు. నేను అడక్కపోయుంటే ఆవిడ నియమం ఏమయ్యేది? తినేవాళ్లు ఆ చుక్కని నమ్ముకునే కూర్చుంటారు.

ఆ షెఫ్ ప్లేటు వెనక్కి తీసుకెళ్లి, వేరే గిన్నెలో చేపల సాస్ లేకుండా టామ్ యమ్ అనే థాయ్ పుల్లటి సూప్ కాచి తెచ్చాడు. నిమ్మగడ్డి, పుట్టగొడుగులు, పైన నిమ్మరసం. అత్తయ్యగారు ఒక గుక్క తాగి "చారులా ఉందే, పోపు లేదంతే" అని గిన్నె ఖాళీ చేశారు. తప్పు ఒప్పుకుని వెంటనే వేరేది చేసిపెట్టినందుకు అతనంటే గౌరవం కలిగింది.

బిల్లులో 10 శాతం సర్వీస్ చార్జి వేశారు. దాన్ని బిల్లులో వాళ్లంతట వాళ్లు కలపకూడదని వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022లోనే చెప్పింది. అడిగితే మాట్లాడకుండా తీసేశారు. మీరూ అడగండి.

వచ్చే నెల మావారి పుట్టినరోజుకి మళ్లీ అక్కడికే అనుకుంటున్నాం, ఆ బావో కోసం. కూర్చోగానే మెనూ తెరిచి కిమ్చీ పక్కన ఆ ఆకుపచ్చ చుక్క తీసేశారో లేదో చూస్తాను.