ఓరుగల్లు, రామప్ప: ఒక్క రోజులో ముగించే యాత్ర కాదు

హైదరాబాద్ నుంచి పొద్దున బయల్దేరి వేయిస్తంభాల గుడి, భద్రకాళి, కోట, రామప్ప, లక్నవరం అన్నీ చూపించి రాత్రికి ఇంటి దగ్గర దింపే ప్యాకేజీలు చాలానే కనిపిస్తున్నాయి. తీసుకోకండి. వరంగల్ దాకానే దాదాపు 150 కిలోమీటర్లు, అక్కణ్నుంచి రామప్ప గుడి ఉన్న పాలంపేట ఇంకో 65, 70. ఈ లెక్కన రామప్ప చేరేసరికి మిట్టమధ్యాహ్నమైనా అవుతుంది, గేటు మూసే వేళైనా అవుతుంది. ఈ చుట్టులో అన్నిటికన్నా గొప్పది రామప్పే. దానికి మిగులు సమయం పడేయడం అన్యాయం. రెండు రోజులు పెట్టుకోండి: మొదటి రోజు ఊళ్లోవి, రెండో రోజు పొద్దున్నే రామప్ప.

రైల్లో వచ్చేవాళ్లు ఏ స్టేషన్‌లో దిగాలో ముందే చూసుకోవాలి. హైదరాబాద్ నుంచి కాజీపేట మీదుగా విజయవాడ వైపు వెళ్లే బళ్లు వరంగల్ మీదుగా పోతాయి. నాగపూర్, ఢిల్లీ వైపువి కాజీపేట నుంచే పక్కకు తిరిగిపోతాయి, వరంగల్‌కు రావు. హనుమకొండలో బస చేస్తే కాజీపేట దగ్గర, కోటకైతే వరంగల్ స్టేషన్ దగ్గర.

వేయిస్తంభాల గుడికి పొద్దున ఏడింటికల్లా వెళితే గంటలో నెమ్మదిగా చూడొచ్చు. 1163లో కాకతీయ రాజు రుద్రదేవుడు కట్టించిన త్రికూటాలయం, అంటే మూడు గర్భగుళ్ల గుడి ఇది: శివుడు, విష్ణువు, సూర్యుడు. సోమవారాలు, కార్తీక మాసం అయితే దర్శనం క్యూ మండపాన్నంతా నింపేస్తుంది, స్తంభాల పనితనం కనబడదు. మంగళ, బుధవారాలు మేలు. నంది వెనక ఉన్న కల్యాణ మండపాన్ని మాత్రం వదలొద్దు. కుంగిపోతోందని 2006లో పురావస్తు శాఖ దాన్ని రాయి రాయిగా విప్పేసింది. మళ్లీ నిలబెట్టి 2024 మార్చిలో తెరిచింది. పాత రాయికీ, కొత్తగా చెక్కి అతికించిన రాయికీ తేడా దగ్గరికెళితే తెలిసిపోతుంది. ఆ తేడా చూస్తుంటేనే పాతవాళ్ల చెయ్యి ఎలాంటిదో అర్థమవుతుంది.

కోటకు మధ్యాహ్నం మూడున్నర దాటాక వెళ్లండి. చాలామంది చేసే పొరపాటు, కీర్తి తోరణాల దగ్గర ఫొటో దిగి వెనక్కి తిరగడం. కోట అంటే ఆ ఆవరణ ఒక్కటే కాదు. లోపల ఊరుంది, పొలాలున్నాయి, చుట్టూ 45 బురుజుల రాతి గోడ, దాని బయట మట్టికోట. అందుకని ఆటోను రెండు మూడు గంటలకు మాట్లాడుకోండి. తోరణాలు, ఖుష్ మహల్, ఏకశిల గుట్ట, తూర్పు ద్వారం అని నాలుగు పేర్లూ ముందే చెప్పి రేటు ఖాయం చేసుకోవాలి. లేకపోతే తూర్పు ద్వారం దగ్గర "అది లెక్కలో లేదు" అనే పేచీ వస్తుంది. ఆ ద్వారం దగ్గర ఆటో దిగి నడవాలి. దారి తిన్నగా లోపలికి పోదు, మలుపు తిరుగుతుంది. పరుగున వచ్చే శత్రువు వేగం తగ్గేది అక్కడే. గోడ లోపలివైపు సైనికులు ఎక్కడానికి మెట్లు కట్టారు.

తోరణాల ఆవరణలో టికెట్ ఉంది, 15 ఏళ్ల లోపు పిల్లలకు అక్కర్లేదు. నాలుగు తోరణాల మధ్య ఉన్న స్వయంభూ శివాలయం 1323లో కోట ఢిల్లీ సుల్తానుల వశమయ్యాక ధ్వంసమైంది. ఆ ముక్కలే నేల మీద వరుసగా పేర్చి ఉన్నాయి. ఏ ముక్క ఎక్కడిదో చెప్పే బోర్డులు చాలినన్ని లేవు. ఈ ఆవరణ అసలు లోటు ఇదే. గైడ్ దొరికితే పెట్టుకోవాల్సింది ఇక్కడే. తోరణాల మీద హంసలు, తామర మొగ్గలు, తీగలే తప్ప దేవుడి బొమ్మలు లేవు. అందుకే అవి మిగిలాయని చెబుతారు.

ఇక రామప్ప. హనుమకొండ నుంచి ములుగు బస్సులు బాగానే ఉంటాయి. ములుగు దాటాక జంగాలపల్లి క్రాస్ దగ్గర దిగి, వెంకటాపూర్ మీదుగా ఆటోలో పాలంపేట. పోవడం సులువే, సాయంత్రం తిరుగు ఆటో దొరకడమే కష్టం. వెయిటింగ్‌తో కలిపి మాట్లాడుకోండి. సొంత కారైతే ఆరింటికి బయల్దేరాలి. గుడి తూర్పు ముఖం కాబట్టి ఆ వాకిట్లోని మదనికల (స్త్రీ శిల్పాల) మీద ఎండ పడేది పొద్దుటి పూటే. మూడు ద్వారాల దగ్గర కలిపి ఈ నల్లరాతి మదనికలు 12. నాగినినీ, ఎత్తు మడమల చెప్పులు వేసుకున్న ఆమెనూ గైడ్లు ఎలాగూ చూపిస్తారు. మీరు మాత్రం ఒక్క శిల్పం దగ్గర ఆగి నగలు చూడండి. ఒంటికి, హారానికి మధ్య సన్నని సందు ఉంటుంది, హారం నీడ రాతి మీదే పడుతుంది. ఎండ నెత్తి మీదికి వచ్చాక అది కనిపించదు.

1213లో గణపతిదేవుడి సేనాని రేచర్ల రుద్రుడు కట్టించిన గుడి ఇది, 2021లో యునెస్కో జాబితాకెక్కింది. పునాది గోతిలో ఇసుక నింపి దాని మీద కట్టారు, భూమి అదిరితే ఆ అదురును ఇసుక మింగుతుంది. పైన విమానానికి, అంటే గర్భగుడి మీది శిఖరానికి, నీళ్లలో తేలేంత తేలిక ఇటుకలు వాడారు. తేలే ఇటుక చూపించమని సిబ్బందిని అడగకండి, అవి ఉన్నది పైన ఆ శిఖరంలో. మండపంలో నేల కుంగి ఎగుడుదిగుడుగా ఉంది, పెద్దవాళ్ల చెయ్యి పట్టుకోవాలి. వేణుగోపాలుడి శిల్పాన్ని తడితే స్వరాలు పలుకుతాయని వచ్చినవాళ్లంతా తడతారు. దయచేసి మీరు తట్టకండి. 800 ఏళ్ల రాయి అది, రోజూ వందల చేతులు పడితే అరిగిపోతుంది. లోపల చీకటి కాబట్టి పైకప్పు చూడ్డానికి చిన్న టార్చి తెచ్చుకోండి. చెప్పులు బయటే విడవాలి. ఏప్రిల్, మే నెలల్లో పదకొండు దాటితే బండలు కాలిపోతాయి, పిల్లలకు మందపాటి సాక్సులు వెయ్యండి. ట్రైపాడ్‌కు అనుమతి కావాలి. ఇక్కడ రెండు గంటలు తక్కువే.

లక్నవరం వేలాడే వంతెన పిల్లలకు నచ్చుతుంది, కానీ ఎండాకాలం చెరువు తగ్గితే అంత దూరం పోయిన ఫలితం ఉండదు. అక్టోబరు నుంచి జనవరి దాకా సరే. దానికి బదులు రామప్ప నుంచి పది కిలోమీటర్ల లోపే ఉన్న ఘణపురం కోటగుళ్లకు ఓటు. ఒకే ప్రాకారంలో 22 గుళ్లు, సగం కూలినవి. జనం తక్కువ, నీడ ఇంకా తక్కువ. దగ్గర్లో సరైన హోటల్ లేదు కాబట్టి నీళ్లు, తిండి కట్టుకునే వెళ్లండి.

రెండేళ్లకోసారి మాఘంలో మేడారం జాతర. ఆ వారం, ముందు వారం ములుగు రోడ్డంతా జాతర బండ్లే. బస్సులనూ అటే మళ్లిస్తారు. రామప్ప యాత్ర ఆ రోజుల్లో పెట్టుకోకండి.