క్యూ చూపించే వ్లాగరే నా వ్లాగర్: పార్కు వీడియోలతో ఆరేళ్ళు దాటిన అనుభవం

మాది ఒడిశాలోని బరంపురం. పట్టుచీరలకు ఫాల్ కుట్టడం, కొంగులకు కుచ్చులు వేయడం నా పని. రాత్రి తొమ్మిదింటికి వంటిల్లు సర్దేసి కూచుంటే పన్నెండు దాకా చేతులు ఆడుతూనే ఉంటాయి. ఆ మూడు గంటలూ ఫోను మిషను కి ఆనించి పెట్టుకుని థీమ్ పార్కుల్లో తిరుగుతూ తీసే వీడియోలు, అదే వ్లాగులు, పెట్టుకుంటాను. ఇది 2019లో మొదలైంది. ఆ ఏడు మా ఊరి అమ్మవారి జాతరకి, అదే ఠాకురాణీ యాత్రకి, వచ్చిన జయింట్ వీలు చూసి మా గుంటడు ఒకటే ఏడుపు, ఎక్కుతాననీ ఏడుపే, ఎక్కాక దించమనీ ఏడుపే. ఇంటికొచ్చాక మా మరిది వాడిని ఒళ్ళో కూచోబెట్టుకుని అమెరికా పార్కులో రైడు వీడియో ఒకటి పెట్టాడు. వాడు ఊరుకున్నాడు. నేను మాత్రం అప్పటినుంచీ వదల్లేదు.

ఇన్నేళ్ళూ చూశాను కనక ఎవరి వీడియో నమ్మొచ్చో, ఎవరిది కట్టెయ్యాలో నాకంటూ ఒక లెక్క ఏర్పడింది. అదే రాస్తున్నాను.

ముందు గొంతు సంగతి. నా కళ్ళు సూది మీద ఉంటాయి, వీడియో సగం చెవులతోనే చూస్తాను. గేటు దగ్గరే కేకలు మొదలుపెట్టి, ప్రతి అర నిమిషానికీ డప్పు సంగీతం వేసేవాళ్ళ వీడియో నేను ఐదు నిమిషాలు కూడా ఉంచలేను. ది టిమ్ ట్రాకర్ అనే ఛానల్ నడిపే జంట ఒకరు ఫ్లోరిడాలో ఉన్నారు, టిమ్, జెన్. వాళ్ళిద్దరూ ఇంట్లో మాట్లాడుకున్నట్టే మాట్లాడుకుంటారు. ఏం తిన్నారు, ఎక్కడ నీడ ఉంది, ఏ దారి మూసేశారు, అన్నీ ఆ మాటల్లోనే వచ్చేస్తాయి. మొదట్లో నాకు వాళ్ళ ఇంగ్లీషు నాలుగు మాటలకి ఒకటి అందేది. ఇప్పుడు మూడు అందుతున్నాయి. ఆ మూడూ నేను బడిలో నేర్చుకున్నవి కావు. 2020 మార్చిలో డిస్నీ పార్కులు మూతపడినప్పుడు నేను నిజంగా దిగులుపడ్డాను. ఫ్లోరిడాలో జులై 11న మళ్ళీ గేట్లు తీశారు. కాలిఫోర్నియాలో 2021 ఏప్రిల్ 30 దాకా తియ్యనే లేదు. ఆ ఏడాదంతా మా వీధిలోనూ పనిలేదు, చీరలు రాలేదు. పాత వీడియోలే తిరగేసి చూశాను.

మాటలే లేని వీడియోలు ఇంకో రకం. టోక్యో డిస్నీసీ లాంటి చోట ఎవరో కెమెరా పట్టుకుని మౌనంగా నడుస్తారు. అడుగుల చప్పుడు, నీళ్ళ చప్పుడు, జపాను భాషలో మైకులో మాట. కుచ్చులు వెయ్యడానికి అంతకన్నా మంచి తోడు లేదు.

ఇక అసలు మాట. నేను వ్లాగర్ని తూచేది క్యూ దగ్గర. రైడు రెండు నిమిషాలు, దానికోసం నిలబడేది గంట. ఆ గంటని కత్తిరించి, గేటు దగ్గర నవ్వు మొహం, వెంటనే పైనుంచి కేకలు చూపించేవాడు నాకు పార్కు చూపించనట్టే. మాకు క్యూ అంటే ఏమిటో తెలుసు. యాత్ర రోజుల్లో దేశి బెహరా వీధిలో అమ్మవారి దర్శనానికి అర్ధరాత్రి దాటాక కూడా లైను కదులుతూ ఉంటుంది. చంటిపిల్లలు, ముసలమ్మలు, చేతుల్లో దీపాలు. ఆ లైనులో ఎక్కడ గాలాడుతుంది, ఎక్కడ తోపులాట, నీళ్ళు ఎక్కడ దొరుకుతాయి, ఇవి తెలియకుండా మా అమ్మని తీసుకెళ్ళను. పార్కుకైనా అంతే కదా.

పైగా మంచి పార్కుల్లో క్యూ కూడా చూడాల్సిందే. డిస్నీ యానిమల్ కింగ్డమ్‌లో ఎక్స్‌పెడిషన్ ఎవరెస్ట్ అని 2006లో తెరిచిన రోలర్ కోస్టర్ ఉంది. దాని క్యూ హిమాలయాల్లో ఒక ఊరు: గంటలు వేలాడే గుడి, కొండెక్కేవాళ్ళ సామాన్ల కొట్టు, యేతి అనే మంచుమనిషి గురించి చిన్న మ్యూజియం. తొందర వ్లాగర్లు అవన్నీ పరుగున దాటేస్తారు. ఒకాయన మాత్రం గోడ మీద చీటీలు, ఇత్తడి గిన్నెలు, రంగు వెలిసిన తలుపులు ఒక్కొక్కటీ ఆగి ఆగి చూపించాడు. ఆ రాత్రి నేను కుట్టు ఆపేసి చూశాను. ఆ పార్కు ఆసియా భాగంలో వాళ్ళు ఊహించి కట్టిన రాజ్యం పేరు ఆనందపూర్. మన కెందుఝర్ జిల్లాలో ఆనందపూర్ ఉంది! మా ఇంటాయనని నిద్రలేపి మరీ చెప్పాను.

ఆ రైడులోనే ఇంకో సంగతి. చివర్లో చెయ్యి చాపి మీదకొచ్చే పెద్ద యేతి బొమ్మ తెరిచిన కొన్నాళ్ళకే కదలడం మానేసింది. దాని మీద లైట్లు తిప్పి కదులుతున్నట్టు చూపిస్తారు. అభిమానులు దాన్ని డిస్కో యేతి అంటారు. నేను నమ్మే వ్లాగర్లు ఆ రైడు ఎక్కినప్పుడల్లా, ఇది ఇంకా బాగవలేదు అని చెబుతారు. ఎంత ఇష్టమైన పార్కైనా ఆ ఒక్క మాట మింగెయ్యరు. అలాంటివాళ్ళు బాగుంది అంటే నేను నమ్ముతాను.

క్యూ లోపలి లెక్క నాకు చెప్పింది డిఫంక్ట్‌ల్యాండ్ అనే యూట్యూబ్ ఛానల్. కెవిన్ పెర్జురర్ అనే ఆయన నడుపుతాడు. మూతపడ్డ రైడులు, పోయిన పార్కులు అతని సబ్జెక్టు. 2021 నవంబరులో ఫాస్ట్‌పాస్ చరిత్ర మీద గంటా నలభై నిమిషాలు దాటిన వీడియో పెట్టాడు. ఫాస్ట్‌పాస్ అంటే డిస్నీ 1999లో తెచ్చిన పద్ధతి: చీటీ తీసుకుని వెళ్ళిపోయి, దాని మీద వేసిన టైముకి వచ్చి పొట్టి లైనులో ఎక్కెయ్యడం. పైసా ఇవ్వక్కర్లేదు. వినడానికి ఎంత బాగుందో! కానీ రైడు ఎక్కించుకునేది మారదు. బండికి ఎనిమిదిమంది, నిమిషానికి రెండు బళ్ళు అనుకోండి, గంటకి 960 మందే. అందులో పొట్టి లైనువాళ్ళకి ఎక్కువ వాటా ఇస్తే పొడుగు లైను అక్కడే ఆగిపోతుంది. చీటీ తీసుకున్నవాడు ఊరికే కూచోడు, పోయి ఇంకో రైడు లైనులో నిలబడతాడు. ఇదంతా తేల్చడానికి ఆయన కంప్యూటర్లో షేప్‌ల్యాండ్ అని ఒక ఉత్తుత్తి పార్కే కట్టించాడు. నేను ఆ వీడియో మూడు రాత్రులు, మూడు చీరలు పూర్తయ్యేదాకా చూశాను. 2021లోనే డిస్నీ ఆ ఉచిత పద్ధతి తీసేసి డబ్బు కట్టే పద్ధతి పెట్టింది. ఎందుకు జనం అంత గోల చేశారో నాకు ఆ వీడియో చూశాకే తెలిసింది.

ఇప్పుడు నా చేదు అనుభవం. పేర్లు రాయను. 2022 వేసవిలో మన వైపే ఒక వాటర్ పార్కు మీద తెలుగులో ఒక వీడియో చూశాను. అబ్బాయి బాగా మాట్లాడాడు. లైనే లేదు ఫ్రెండ్స్, దిగడం మళ్ళీ ఎక్కడం అన్నాడు. నిజమే, వీడియోలో ఎక్కడా జనం లేరు. మేం తొమ్మిదిమందిమి, పర్లాకిమిడి నుంచి మా అక్క వాళ్ళతో కలిసి ఆదివారం వెళ్ళాం. టికెట్టు కౌంటరు దగ్గరే గంట. లోపల ప్రతి మెట్ల వరస కిందా ఎండలో జనం. మా అక్క నూలు చుడీదారుతో వచ్చింది, నూలు బట్టలతో నీళ్ళలోకి దిగనివ్వం అన్నారు. అది తప్పనను, బట్ట చిక్కుకుంటే ప్రమాదం, చాలా పార్కుల్లో నైలాన్ లాంటి బట్టలే వేసుకోవాలి. కానీ ఇరవై నిమిషాల వీడియోలో ఆ ఒక్క ముక్క చెప్పడానికి ఆ అబ్బాయికి తీరిక లేకపోయింది. మా అక్క రోజంతా గట్టు మీద సంచుల దగ్గర కూచుంది. ఇంటికొచ్చి వీడియో మళ్ళీ పెట్టి చూశాను. వెనకాల కొట్లకి ఇంకా షట్టర్లు వేసే ఉన్నాయి. జనాన్ని వదలకముందు పొద్దున్నే పిలిచి తీయించిన వీడియో అది. ఆ మాట ఎక్కడా లేదు.

మన దేశంలో 2021 జూన్ నుంచి, ప్రకటనల తీరు చూసే అడ్వర్టైజింగ్ స్టాండర్డ్స్ కౌన్సిల్ వాళ్ళ నియమం ఉంది. డబ్బు తీసుకున్నా, ఉచిత టికెట్టు తీసుకున్నా, ఇది ప్రకటన అని వీడియో మీద స్పష్టంగా కనిపించేలా పెట్టాలి. నేను ఇప్పుడు ముందు వెతికేది అదే. ఉచితంగా వెళ్ళడం నాకు తప్పుగా తోచదు, చెప్పకపోవడం తప్పు.

దీనికి పెద్ద ఉదాహరణ అమెరికాలోనే ఉంది. డిస్నీ 2022 మార్చిలో గెలాక్టిక్ స్టార్‌క్రూజర్ అని, స్టార్ వార్స్ సినిమా కథలో ఉన్నట్టు రెండు రాత్రులు గడిపే హోటలు తెరిచింది. ఇద్దరికి దాదాపు 4,800 డాలర్లు, అప్పటి మన డబ్బులో మూడున్నర లక్షలు దాటింది. తెరిచినప్పుడు నేను చూసిన వీడియోల్లో ఎక్కువ భాగం డిస్నీ వాళ్ళు పిలిచి చూపించినవే, అందరి మొహాల్లోనూ వెలుగే. 2023 సెప్టెంబరుకల్లా అది మూతపడింది. 2024 మేలో జెన్నీ నికోల్సన్ అనే యూట్యూబర్ దాని మీద నాలుగు గంటల వీడియో పెట్టింది. తన డబ్బు పెట్టి వెళ్ళిన మనిషి ఆమె. రాత్రి భోజనంలో ప్రదర్శన జరుగుతుంటే తన బల్లకి ఎదురుగా స్తంభం అడ్డం. ఆ స్తంభాన్ని పిలిచి చూపించినవాళ్ళ వీడియోల్లో నేనెక్కడా చూడలేదు. మరి వాళ్ళని ఆ బల్ల దగ్గర కూచోబెట్టరు కదా.

ఈ విషయంలో మా ఇంట్లోనే రెండు పార్టీలు. మా అక్క కూతురు కోస్టర్ల పిచ్చిది, ఎవరు ఎన్ని ఎక్కారో లెక్క పెట్టుకుంటుంది. 2025 మే 22న ఓర్లాండోలో యూనివర్సల్ వాళ్ళ ఎపిక్ యూనివర్స్ తెరిచిన వారమంతా నిద్రపోలేదు. దానికి నా నాలుగు గంటల వీడియోలు చూస్తే కోపం.

"పిన్నీ, వాళ్ళు తప్పులు వెతకడానికే పోతారు. సరదాగా ఉండేవాళ్ళని చూడొచ్చు కదా?" అంటుంది.

"సరదా వద్దనలేదమ్మా, మీ అమ్మ గట్టు మీద కూచున్నప్పుడు ఎవరికి సరదా?" అన్నాను. అది కాసేపు మాట్లాడలేదు. అయితే దాని మాటలో కూడా న్యాయం ఉంది. రోజూ ఒకే పార్కులో తిరిగి, రోజూ ఏదో ఒకటి పాడైపోయిందని చెప్పి బతికే వ్లాగర్లూ ఉన్నారు. అవి నేను కూడా మానేశాను. ఇష్టం లేకుండా తీసిన వీడియో గొంతులోనే తెలిసిపోతుంది.

మంచి వీడియో ఎంత పనికొస్తుందో భువనేశ్వర్ వండర్‌లా దగ్గర చూశాను. 2024 మేలో ఖుర్దా దగ్గర కుంబరబస్తలో తెరిచారు, వాళ్ళకిది నాలుగో పార్కు. మాకు హైదరాబాదు కన్నా చాలా దగ్గర, చిలకా పక్కనుంచి హైవే మీద కారులో పొద్దున్నే బయల్దేరితే గేటు తీసే వేళకి ఉంటాం. 2025 జనవరిలో ఒక బుధవారం వెళ్ళాం. వెళ్ళేముందు వారం రోజులు నేను ఒక ఒడియా అమ్మాయి తీసిన వీడియో మళ్ళీ మళ్ళీ పెట్టుకున్నాను. ఆ అమ్మాయి క్యూలో కెమెరా ఆపదు. ఏ బట్టలు తేవాలో, లాకరు ఎక్కడుందో, స్లైడు పైకి ఎన్ని మెట్లు ఎక్కాలో లెక్కపెట్టి చెప్పింది. మెట్లు! ఇన్నేళ్ళలో మెట్లు చెప్పిన వ్లాగర్ని నేను చూడలేదు. నీళ్ళ స్లైడు అంటే అంత ఎత్తూ తడికాళ్ళతో ఎక్కాలి. మా అమ్మకి మోకాళ్ళు. ఆ లెక్క విని మా అమ్మని వేవ్ పూల్ దగ్గరే ఉంచాం, అక్కడ అలలకి చీలమండలు తడుపుకుంటూ హాయిగా గడిపింది.

మా గుంటడికి చీకటంటే చిన్నప్పటి నుంచీ భయం. అక్కడ చీకటి గొట్టంలోంచి జారే స్లైడు ఒకటి ఉంది, దాని వీడియో వాడు ఎన్నిసార్లు చూశాడో. పైన మా వంతు వచ్చేసరికి నా చెయ్యి పట్టుకున్నాడు, వేళ్ళు చల్లగా ఉన్నాయి. "మూడో మలుపులో చీకటొస్తాది అమ్మా, తొమ్మిది లెక్కపెడితే వెలుతురు" అన్నాడు. నాకే ధైర్యం చెబుతున్నట్టు. ట్యూబులో కూచున్నాం. చీకట్లో వాడు గట్టిగా లెక్కపెడుతున్నాడు, ఒకటి, రెండు, మూడు. ఏడు దగ్గరే వెలుతురొచ్చేసింది. ఇద్దరం బరువుగా ఉన్నాం కనక తొందరగా జారాం.

ఒకటి మాత్రం ఏ వీడియోలోనూ దొరకదు. వెడల్పు లెన్సు కెమెరాలో దిగుడు చదునుగా కనిపిస్తుంది. ఫోనులో చూసి ఇంతేనా అనుకున్నది, కూచున్నాక కడుపు గొంతులోకి వస్తుంది. గుండెజబ్బు, నడుంనొప్పి ఉన్నవాళ్ళు వీడియో చూసి కాదు, రైడు దగ్గర పెట్టిన బోర్డు చదివి ఎక్కండి.

ఇంకో మాట కోపంగానే రాస్తున్నాను. రైడు మీద ఫోను బయటికి తియ్యొద్దంటే, చొక్కాలో దాచుకుని ఎక్కి వీడియో తీసేవాళ్ళున్నారు. అంత వేగంలో ఫోను చేజారితే కింద ఎవరి నెత్తి మీద పడుతుందో. అలాంటి వీడియో ఎంత బాగున్నా నేను చూడను, మా ఇంట్లో చూడనివ్వను. పార్కు వాళ్ళే బండికి కెమెరా బిగించి తీసినవి, అనుమతి ఉందని చెప్పి తీసినవి కావలసినన్ని ఉన్నాయి.

తెలుగులో మాత్రం నాకు ఇంకా ఆకలి తీరలేదు. రామోజీ ఫిల్మ్ సిటీ మీద ఎన్ని వీడియోలు వచ్చాయో! అన్నీ గేటు, బస్సు, సెట్లు, టికెట్టు ధర. పెద్దవాళ్ళని తీసుకెళ్తే ఎంతసేపు ఎండలో నడవాలి, బస్సు ఎక్కడెక్కడ ఆగుతుంది, మధ్యలో అలిసిపోతే ఎక్కడ కూచోవాలి, ఇవి చెప్పిన తెలుగు వ్లాగ్ ఒక్కటి నాకు ఇంతవరకు దొరకలేదు. ఈ వేసవిలో అమ్మని, అక్కని తీసుకుని అక్కడికే వెళ్తున్నాం. మా గుంటడు క్యూ మొత్తం తనే తీస్తానంటున్నాడు, ఫోను చార్జరు ఇప్పుడే సంచిలో పెట్టేశాడు.