వంశధార ఒడ్డున రెండు జ్ఞాపకాలు: శాలిహుండం, ముఖలింగం

పోయినవాళ్లను, పూజించినవాళ్లను పూర్వీకులు ఎలా గుర్తుపెట్టుకున్నారో చూడాలంటే శ్రీకాకుళం జిల్లాలో రెండు దారులున్నాయి. రెండూ వంశధార పక్కనే.

శాలిహుండం కొండ మీద బౌద్ధులు జ్ఞాపకాన్ని నేలలో దాచారు. స్తూపాల్లో రాతి కరండాలు (పెట్టెలు), వాటిలో ధాతువులను, అంటే పూజ్యుల అవశేషాలను, ఉంచే స్ఫటిక పాత్రలు, బంగారు పూలు దొరికాయి. ధాతువు కంటికి కనబడదు. భక్తుడు స్తూపం చుట్టూ ప్రదక్షిణ చేస్తాడు, ఆ నడకే స్మరణ. చేసేవాళ్లు ఆగిపోయాక కొండ మట్టిదిబ్బ అయింది. 1919లో గిడుగు రామమూర్తి పంతులు గారు గుర్తించేదాకా లోకం దాన్ని మరిచే ఉంది.

ముఖలింగం దారి వేరు. ఈ ప్రాంతాన్ని ఏలిన తూర్పు గాంగ రాజుల కాలంలో ఇక్కడ జ్ఞాపకం అక్షరమైంది. మధుకేశ్వరుడి గుడిలో అఖండదీపానికి దానమిచ్చినవారి పేర్లు రాతి మీద ఉన్నాయి. ఈ ఏర్పాటు నాకు అద్భుతంగా తోస్తుంది: దాత చనిపోయినా దీపం ఆరకూడదు, అంటే ఎవరో ఒకరు రోజూ నెయ్యి పోయాలి. ఒకరి పుణ్యాన్ని గుర్తుంచుకునే భారం మొత్తం గుడి మీద పడుతుంది. రాజుల పేర్ల పక్కనే మామూలు దాతలవీ ఉంటాయి, నాకు వాళ్లే ముఖ్యం.

చదివే ఓపిక ఉంటే ముందు ముఖలింగం వెళ్లండి. అక్కడ పూజ ఇంకా జరుగుతోంది కాబట్టి, శాసనంలోని మాట ఎదుటే కనిపిస్తుంది. పిల్లలతో వెళ్తే మాత్రం శాలిహుండమే మేలు. చక్రం ఆకుల్లా ఇటుకలు పేర్చిన స్తూపం పునాదిని వాళ్లు ఇట్టే పోల్చుకుంటారు, పైనుంచి నది కూడా కనిపిస్తుంది.