మహలే చింపాంజీల యాత్ర: విమానమే లేని రోజుకు మాకు సీటు అమ్మారు. మిగతా సొమ్ము కట్టేముందు ఇది చదవండి

టాంజానియాలో చిన్న విమానంలో వెళ్ళి నేరుగా అడవిలో దిగే సఫారీకి ఎవరైనా డబ్బు కట్టబోతుంటే, ఒక్క పావుగంట ఆగి ఇది చదవండి. ముఖ్యంగా మీ ప్రయాణ పట్టికలో "కటావి రెండు రాత్రులు, మహలే రెండు రాత్రులు" అని ఉన్నా, ధరల వివరాల్లో "చింపాంజీ పర్మిట్ 250 డాలర్లు" అన్న వరుస కనిపించినా, ఇవాళ సొమ్ము పంపవద్దు. మా కాగితంలో ఆ రెండూ ఉన్నాయి. మేము పంపేశాం.

మావారు ముప్ఫయ్యేళ్ళపాటు డిగ్రీ కళాశాలలో జంతుశాస్త్రం చెప్పారు. ప్రతి ఏడాదీ తరగతిలో ఒక సంగతి తప్పకుండా చెప్పేవారు. మహలే కొండల్లోని చింపాంజీలు రెండేసి ఎదురెదురుగా కూర్చుని, చెరొక చేయి పైకెత్తి పట్టుకుని, రెండో చేత్తో ఎదుటిదాని వెంట్రుకలు సవరిస్తాయి. అదే టాంగన్యికా సరస్సు ఒడ్డున, కొంచెం ఉత్తరాన ఉన్న గోంబేలోని చింపాంజీలకు ఆ అలవాటు లేదు. మెక్‌గ్రూ, ట్యూటిన్ అనే ఇద్దరు పరిశోధకులు 1978లో ఈ తేడాను ప్రచురించారు. ఒకే జాతి, ఒకే సరస్సు, అయినా గుంపుకొక ఆచారం! ఈ మాట చెప్పేటప్పుడు ఆయన రెండు చేతులూ పైకెత్తి చూపించేవారని పాత విద్యార్థులు ఇప్పటికీ ఇంటికి వచ్చి గుర్తుచేస్తారు. పదవీ విరమణ తరువాత వచ్చిన డబ్బులోంచి కొంత పక్కన పెట్టి, దాన్ని కళ్ళారా చూసి రావాలనుకున్నాం.

మహలే జాతీయ వనానికి రోడ్డు మీద వెళ్ళి తిరిగే వీలు లేదు. దార్ ఎస్ సలామ్ నుంచి దేశం ఆ చివరికి, వెయ్యి కిలోమీటర్లకు పైగా, చిన్న విమానంలో మధ్యమధ్య ఆగుతూ వెళ్ళాలి. సరస్సు పక్కన మట్టి రన్‌వే మీద దిగి, అక్కడి నుంచి గంటన్నర పడవలో క్యాంపు చేరాలి. వనం లోపల అంతా కాలినడకే. దారిలో కటావి అనే మరో జాతీయ వనం వస్తుంది. ఎండాకాలం ముదిరేకొద్దీ కటూమా నదిలో మిగిలిన గుంటల్లో నీటిగుర్రాలు వందలకొద్దీ ఒకదాని మీద ఒకటి పడి ఉండే చోటు అది. ఈ రెండూ కలిపి చూడటం ఎంత అపురూపమో, ఏర్పాటు చేయటం అంత కష్టం. మోసానికి చోటు దొరికేదీ ఆ కష్టంలోనే.

హైదరాబాద్‌లో ఒక ట్రావెల్ సంస్థను తెలిసినవారు చెప్పారు. పేరు ఇక్కడ రాయను, కేసు నడుస్తోంది. అక్కడి యువకుడు మాట తీరులో మంచివాడు. "ఆంటీ, మీరు నిశ్చింతగా ఉండండి, విమానం, క్యాంపు, పర్మిట్ అన్నీ మా బాధ్యత" అన్నాడు. ఇద్దరికీ కలిపి 13 లక్షల 40 వేలు. ఫిబ్రవరిలో అడ్వాన్సు, జూన్‌లో మిగతాది. ఆగస్టులో ఒక మంగళవారం బయలుదేరి కటావిలో రెండు రాత్రులు, గురువారం నుంచి మహలేలో రెండు రాత్రులు, శనివారం తిరిగి దార్ ఎస్ సలామ్. చక్కగా, రంగుల బొమ్మలతో ఎనిమిది పేజీల పుస్తకంలా పంపాడు.

ఆ మంగళవారం ఉదయం ఆరున్నరకు దార్ ఎస్ సలామ్ పాత టెర్మినల్‌లో ఉన్నాం. చిన్న విమానాలు అక్కడి నుంచే ఎగురుతాయి. కౌంటర్‌లో ఉన్న అమ్మాయి ముందు సామాను తూచింది. మనిషికి 15 కిలోలు, చేతిసంచీతో కలిపి, అదీ మెత్తటి గుడ్డ సంచీలోనే ఉండాలని మాకు ఎవరూ చెప్పలేదు. నా చక్రాల పెట్టె గట్టిది. విమానం పొట్టలోని సామాను అరలో అది పట్టదని చేత్తో కొలిచి చూపించింది. సరే, గుడ్డ సంచీ కొనుక్కుంటాం అన్నాను. అప్పుడు ఆమె ప్రయాణికుల జాబితా తీసింది. వేలు పెట్టి పైనుంచి కిందికి చూసింది. పేజీ తిప్పింది. మళ్ళీ మొదటి పేజీకి వచ్చింది. మా పాస్‌పోర్టులు పక్కన పెట్టుకుని అక్షరం అక్షరం పోల్చింది. ఆ తరువాత చాలా మెల్లగా, ఈ రోజు కటావికి విమానం లేదండీ, అంది. ఆ వైపు వెళ్ళేవి సోమవారం, గురువారం మాత్రమేనట. మా సీట్ల కోసం ఏ రోజుకూ ఎవరూ డబ్బు కట్టలేదు.

మావారు పక్కనున్న బల్ల మీద కూర్చుండిపోయారు. నేను హైదరాబాద్‌కు ఫోన్ చేస్తూనే ఉన్నాను.

తరువాత కౌంటర్‌లోని అమ్మాయే మా బాధ చూసి రెండు క్యాంపులకూ ఫోన్ చేసింది. ఆమె చేసిన మేలు మరిచిపోలేను. రెండు చోట్లా ఒకటే జవాబు: మార్చిలో మీ పేరు మీద గుడారం తాత్కాలికంగా పట్టి ఉంచారు, గడువులోగా డబ్బు రాలేదు, వదిలేశాం, ఇప్పుడు నిండిపోయింది. గురువారం విమానంలోనూ సీటు లేదు.

ఇక్కడ అందరూ తెలుసుకోవలసిన పద్ధతి ఒకటి ఉంది. ఏజెంటు అడిగితే క్యాంపులు రూపాయి తీసుకోకుండానే కొన్నాళ్ళు గది పట్టి ఉంచుతాయి. ఆ సమయంలో క్యాంపు ఇచ్చే కాగితం చూడటానికి అచ్చం బుకింగ్ పత్రంలాగే ఉంటుంది. మాకు పంపిన "వోచర్" అదే. హోటల్‌కు వచ్చి మళ్ళీ తెరిచి చూశాను. రెండో పేజీ అడుగున, చిన్న అక్షరాల్లో, "ప్రొవిజనల్", అంటే తాత్కాలికం, అన్న మాట ఉంది. దాని పక్కనే గడువు తేదీ కూడా ఉంది. నాలుగు నెలలు ఆ కాగితం మా ఇంట్లో ఫ్రిజ్ మీద అంటించి ఉంది. బొమ్మ చూసి మురిసిపోయాం గాని అడుగు వరుస చదవలేదు.

ఇప్పుడు ఆ రెండు రాత్రుల లెక్క. విమానం సోమ, గురువారాల్లోనే వెళ్తే, ఆ ప్రాంతంలో ఎవరైనా ఉండగలిగేది మూడు రాత్రులు, లేదా నాలుగు, లేదా ఏడు. రెండు రాత్రులు ఉండి వచ్చేయటం ప్రత్యేకంగా విమానం అద్దెకు తీసుకుంటే తప్ప కుదరదు. మంగళవారం వెళ్ళటం, శనివారం రావటం కాగితం మీద మాత్రమే జరుగుతాయి. ఒక్క క్యాలెండర్ ముందు పెట్టుకుని ఉంటే ఫిబ్రవరిలోనే తెలిసేది. విమానం వచ్చే రోజులు ముందు, మీ సెలవులు తరువాత. మంచి ఏజెంటు మొదటి ఫోన్‌లోనే "మీకు సోమవారం కుదురుతుందా, గురువారమా?" అని అడుగుతాడు. ఈ రోజులు సీజన్‌ను బట్టి మారవచ్చు కాబట్టి విమాన సంస్థనే అడగండి. మీ పేరుతో, తేదీతో, బుకింగ్ నంబరుతో ఉన్న టికెట్ చేతికి వచ్చాక ఆ నంబరు చెప్పి వాళ్ళతోనే నిర్ధారించుకోండి. క్యాంపుకు కూడా మీరే నేరుగా ఒక ఈమెయిల్ రాయండి: మా పేర్ల మీద డబ్బు అందిందా? "బుక్ అయిందా?" అని అడగవద్దు. పట్టి ఉంచిన గదికి కూడా అవుననే జవాబు రావచ్చు.

రెండో ఆధారం ఆ 250 డాలర్లు. ఉగాండాలోని కిబాలే అడవిలో చింపాంజీలను చూడటానికి విదేశీయులకు 2024 జూలై నుంచి ఉన్న పర్మిట్ ధర అది. అక్కడ వన్యప్రాణి సంస్థ పర్మిట్‌ను మీ పేరు, పాస్‌పోర్టు నంబరు, తేదీతో ఇస్తుంది. గొరిల్లాలకు వేరు, 800 డాలర్లు. టాంజానియాలో పద్ధతే వేరు. అక్కడ వనంలో ప్రవేశానికి రోజువారీ రుసుము, గైడు రుసుము ఉంటాయి. ప్రభుత్వ ఖాతాకు కంట్రోల్ నంబరుతో (ఆ చెల్లింపుకు ఇచ్చే గుర్తింపు సంఖ్యతో) కడతారు, రసీదు వస్తుంది. అంటే మా ఏజెంటు ఉగాండా యాత్ర కాగితంలోంచి ఒక వరుస ఎత్తి టాంజానియా యాత్రలో పెట్టాడు. ఆ దేశానికి ఎవరినీ పంపినవాడు కాదన్నమాట. ఉగాండా వెళ్ళేవారు పర్మిట్ ప్రతి, టాంజానియా వెళ్ళేవారు వనం రుసుము రసీదు అడిగి తీసుకోండి. "అక్కడికి వెళ్ళాక ఇస్తారు" అంటే నమ్మవద్దు.

మూడోది మన ఇంట్లో కూర్చుని చూసుకోదగినది. విదేశీ టూర్ ప్యాకేజీ అమ్మినవారు మన దగ్గర టీసీఎస్ (అమ్మేవారే ముందుగా తీసుకునే పన్ను) వసూలు చేసి ఆదాయపు పన్ను శాఖకు కట్టాలి. అది మన పేరు మీద జమ అయిన పన్నుల చిట్టా, అంటే ఫారం 26ఏఎస్‌లో కనబడాలి. ఫిబ్రవరి అడ్వాన్సు మీద మా దగ్గర టీసీఎస్ వసూలు చేశారు. మే చివరికల్లా అది అందులో కనిపించవలసింది. ఈ రోజుకూ రూపాయి కూడా లేదు. జూన్‌లో పది లక్షలు పంపేముందు ఒక్కసారి ఆ పేజీ తెరిచి ఉంటే ఎంత బాగుండేదో!

సాయంత్రానికి ఆ యువకుడు ఫోన్ ఎత్తాడు. "అంకుల్, చింపాంజీలు ఎక్కడైనా చింపాంజీలే కదా, గోంబే పంపిస్తాను" అన్నాడు. మావారు ఏమీ అనలేదు, ఫోను నా చేతికి ఇచ్చేశారు. పంపిస్తానన్నాడు గాని ఖర్చు మాదేనట. చివరికి మా డబ్బుతోనే సరస్సు ఒడ్డునున్న కిగోమా పట్టణానికి పెద్ద విమానం టికెట్లు కొని, అక్కడి నుంచి పడవలో గోంబే వెళ్ళాం. చింపాంజీల పరిశోధకురాలు జేన్ గూడాల్ 1960లో దిగిన తీరం అది. చింపాంజీలకు మనుషుల జలుబు, దగ్గు అంటుకుంటే ప్రాణాంతకం. మహలేలోనే 2006లో శ్వాసకోశ వ్యాధి వచ్చి అనేకం చనిపోయాయి. అందుకని మాస్కు కట్టి, దూరం పాటించి, గంటకు మించకుండా చూడనిస్తారు. మా ముందు బృందంలో దగ్గుతున్న ఒకాయనను గైడు కొండ దిగువనే ఆపేశాడు. డబ్బు కట్టినా సరే, అది న్యాయం. మీరు కొనే ప్యాకేజీలో ఆ రోజు జలుబు చేస్తే ఏమవుతుందో, పిల్లలుంటే వయసు పరిమితి ఎంతో ముందే అడగండి. మహలేలో 12 ఏళ్ళు నిండాలి. మా ఏజెంటు వీటిలో ఒక్కటీ ప్రస్తావించలేదు.

ఒక తల్లి, వీపు మీద పిల్ల, మా నుంచి పది గజాల్లో కూర్చున్నాయి. తల్లి పిల్ల చెవి వెనుక వేళ్ళతో ఎంతో ఓపికగా వెతుకుతోంది. మావారి కళ్ళు చెమర్చాయి. సంతోషమే, కాదనను. కానీ ఆయన చూడాలని వచ్చినది అది కాదు, ఆ పైకెత్తిన చేతులు. అవి సరస్సు వెంట దక్షిణాన, మహలేలో ఉన్నాయి.

తిరిగి వచ్చాక ఆ సంస్థ లక్షా తొంభై వేలు వెనక్కి ఇచ్చి, మిగతాదానికి ఏడాదిలోగా కెన్యాలోని మసాయి మారా వెళ్ళమని ఒక క్రెడిట్ కాగితం ఇచ్చింది. తీసుకోలేదు. మీకు ఇలాంటిది ఇస్తే సంతకం పెట్టకండి, పెడితే రాజీకి ఒప్పుకున్నారని వాదిస్తారు. ముందు 1915 జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు నమోదు చేశాం. ఫలితం లేకపోవటంతో జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్ళాం. చెల్లించిన మొత్తం 50 లక్షల వరకు ఉన్నవి అక్కడే విచారిస్తారు, మనం ఉండే జిల్లాలోనే వేయవచ్చు, రెండేళ్ళ లోపు వేయాలి. మేము చేసిన ఇంకొక తప్పు, మొత్తం బ్యాంకు బదిలీగా పంపటం. క్రెడిట్ కార్డుతో కట్టి ఉంటే సేవ అందలేదని బ్యాంకు ద్వారా సొమ్ము వెనక్కి అడిగే దారి ఒకటి ఉండేది. కార్డుకు రెండు శాతం అదనం అన్నాడని మానుకున్నాం.

ఇదే సంస్థ ఏప్రిల్ నెలకు కూడా మహలే యాత్ర అమ్ముతున్నట్టు మొన్న ఒకరు కాగితం చూపించారు. మార్చి మధ్య నుంచి మే చివరి వరకు అక్కడ పెద్ద వానలు, క్యాంపులు మూసేస్తారు. ఆ దంపతులు అడ్వాన్సు ఇచ్చేశారు, మిగతాది ఇంకా ఇవ్వలేదు. వాళ్ళ కాగితంలోనూ రెండు రాత్రులు, రెండు రాత్రులు. వాళ్ళ కాగితంలోనూ 250 డాలర్లు. దాని ప్రతిని మా న్యాయవాదికి ఇచ్చాను, వచ్చే వాయిదాలో మా దానితోపాటు కమిషన్ ముందు పెడతారు.