పది రూపాయల స్టాంపు, పదమూడు పేజీలు: మా మున్సిపాలిటీలో సమాచార హక్కు సేవపై నా రివ్యూ

మా ఇంటి పన్ను ఆరు నెలలకు 1,140 రూపాయలు ఉండేది. పోయిన ఏడాది మే నెలలో వచ్చిన డిమాండ్ నోటీసులో అది 3,960 అయింది. ఇల్లు మా అత్తయ్య పేరు మీద ఉంది. రెండు గదుల స్లాబు, వెనక పెరట్లో రేకుల షెడ్డు, అంతే. కొత్తగా ఒక్క ఇటుక కూడా పేర్చలేదు. మా ఆయన మస్కట్‌లో ఉంటారు కాబట్టి ఆఫీసుల చుట్టూ తిరిగే పని నాదే. ఈ ఒక్క విషయం మీద సమాచార హక్కు దరఖాస్తు రెండుసార్లు, మొదటి అప్పీలు ఒకసారి, పన్ను సరిచేయమని రివిజన్ పిటిషన్ ఒకసారి వేశాం. మొత్తం ఎనిమిది నెలలు పట్టింది. మాది కోస్తాలో ఒక చిన్న మున్సిపాలిటీ. పేరు రాయడం లేదు.

ముందు వార్డు సచివాలయానికి వెళ్లాను. అక్కడి అమ్మాయి కంప్యూటర్‌లో చూసి, "సిస్టమ్‌లో అలాగే చూపిస్తోంది మేడం, పై ఆఫీసులో అడగండి" అంది. పై ఆఫీసులో, వాడకం మారింది కాబట్టి పన్ను మారిందన్నారు. ఆంధ్రప్రదేశ్‌లో 2021 ఏప్రిల్ నుంచి ఇంటి పన్నును ఆస్తి మూలధన విలువ మీద, అంటే స్థలం, కట్టడం కలిపి వేసే విలువ మీద లెక్కిస్తున్నారు. అయినా పాత ఇంటికి ఒకేసారి 15 శాతానికి మించి పెంచకూడదని పరిమితి ఉంది. మరి మా ఇంటి వాడకం ఎప్పుడు మారింది, ఎవరు చూసి మార్చారు? దానికి నోటిమాటగా ఎవరూ జవాబు చెప్పలేదు. అప్పుడే సమాచార హక్కు దరఖాస్తు వేద్దామనుకున్నాం.

మొదటి దరఖాస్తు నేనే చెడగొట్టాను. కోపంగా ఉన్నాను కదా, కోపంగానే రాశాను. "పన్ను ఎందుకు పెంచారు? ఇది న్యాయమేనా? బాధ్యులపై ఏం చర్య తీసుకుంటారు?" అని. ఇరవై ఏడో రోజున ఒక్క వాక్యం జవాబు వచ్చింది: మీరు అడిగినది సమాచారం నిర్వచనం కిందికి రాదు. చదివి చాలా బాధపడ్డాను. తర్వాత చట్టం తీసి చూస్తే వాళ్లు రాసింది తప్పు కాదని తెలిసింది. 2005 నాటి ఈ చట్టం ఆఫీసు దగ్గర ఉన్న రికార్డును మన చేతికి ఇప్పిస్తుంది. రికార్డులో లేని కారణాన్ని మనకోసం కొత్తగా రాసి ఇవ్వమనదు. అంటే ప్రశ్న కాదు, కాగితం అడగాలి.

రెండో దరఖాస్తులో అత్తయ్య పేరుతో ఐదు కాగితాలు మాత్రమే అడిగాం. మా అసెస్‌మెంట్ నంబరుకు (పన్ను లెక్కల్లో మా ఇంటి నంబరు) సంబంధించిన రిజిస్టరు పేజీ, ఇంటి కొలతల షీటు, వాడకం మారినట్టు నమోదు చేసిన ఉత్తర్వు, పన్ను మారుతోందని ముందుగా తెలుపుతూ మాకు పంపామంటున్న స్పెషల్ నోటీసు, అది మాకు అందినట్టు సంతకం ఉన్న కాపీ. ఫైలు స్వయంగా చూసే అవకాశం కూడా ఇవ్వమని చివర రాశాం. ఎందుకు కావాలో రాయలేదు, రాయక్కర్లేదని ఆరో సెక్షన్‌లోనే ఉంది.

ఫీజు పది రూపాయలు. కోర్టు ఫీజు స్టాంపు అతికించాం. నగదు కట్టి రసీదు తీసుకున్నా సరిపోతుంది. తెల్ల రేషన్ కార్డు ఉన్నవాళ్లు దాని కాపీ జత చేస్తే ఫీజు లేదు. మన రాష్ట్ర నిబంధనల ప్రకారం గ్రామ స్థాయి ఆఫీసులకు అసలు ఫీజే లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు. ధర విషయంలో ఈ సేవకు వంక పెట్టడానికి ఏమీ లేదు. ఇబ్బందల్లా స్టాంపు ఆ ఆఫీసులో దొరకకపోవడమే. దాని కోసం కోర్టు దాకా వెళ్లాలి. ఎండాకాలం డెబ్బై రెండేళ్ల మనిషిని వెంటబెట్టుకుని ఆ తిరుగుడు తిరిగితే తెలుస్తుంది. ఈ దరఖాస్తులకు జవాబివ్వాల్సిన సమాచార అధికారి పేరు రాసిన బోర్డు గోడ మీద ఉంది కానీ, దాని మీద ఉన్నాయన బదిలీ అయి చాలాకాలమైంది. ఈ వివరాలు అడగకుండానే బయటపెట్టాలని నాలుగో సెక్షన్ చెబుతోంది, మార్చి రాయడానికి ఎంతసేపు పడుతుంది?

దరఖాస్తులు తీసుకునే ఇన్‌వార్డు సెక్షన్‌లో ఉన్న ఆయనకు మాత్రం మనస్ఫూర్తిగా దండం పెట్టాలి. మా దరఖాస్తు రెండో కాపీ మీద ముద్ర వేసి, తేదీ వేసి, నంబరు కూడా రాసి ఇచ్చారు. "ఇది పారేయకండమ్మా, రేపు దీనితోనే మీకు పని" అన్నారు. ఆయన అన్నట్టే జరిగింది.

ముప్పై రోజులు గడిచాయి. జవాబు లేదు. ఇక్కడే చాలామంది వదిలేస్తారు. మా పక్కింటి బావగారు కూడా "ఇంక వాళ్లు ఇవ్వరులే అమ్మా" అన్నారు. కానీ గడువులోగా జవాబు ఇవ్వకపోతే తిరస్కరించినట్టే లెక్క. ఆ రోజు నుంచి ముప్పై రోజుల్లోగా 19(1) సెక్షన్ కింద మొదటి అప్పీలు వేసుకోవచ్చు. అప్పీలు వినేది అదే శాఖలో సమాచార అధికారి కంటే పై స్థాయి అధికారి. మా దగ్గర దీనికి ఫీజు తీసుకోలేదు. ఒకే పేజీ రాశాను: ఫలానా తేదీన దరఖాస్తు ఇచ్చాం, ఇదిగో ముద్ర వేసిన కాపీ, ఫలానా తేదీకి గడువు దాటింది, కాగితాలు ఇప్పించండి. ఏడో సెక్షన్ ఆరో ఉపసెక్షన్ ప్రకారం గడువు దాటితే కాపీలు ఉచితంగా ఇవ్వాలి కాబట్టి పేజీకి రెండు రూపాయలు కూడా కట్టనవసరం లేదని చివరి లైను చేర్చాను. ఈసారి తిట్టు ఒక్కటి లేదు.

అప్పీలు మీద ముప్పై రోజుల్లో, ఆలస్యమైతే కారణం రాసి నలభై ఐదు రోజుల్లో తేల్చాలి. మాకు ఇరవై ఆరో రోజున విచారణకు పిలుపు వచ్చింది. రాత్రంతా టెన్షన్. లాయరు లేడు, ఏం మాట్లాడాలో తెలియదు. తీరా వెళ్తే పది నిమిషాల పని. అధికారి మా కాపీ మీద ముద్ర చూశారు, సమాచార అధికారి వైపు తిరిగి "ఈ రోజే ఇచ్చెయ్యండి" అన్నారు. అంతే. సాయంత్రానికి పదమూడు పేజీలు, ప్రతి పేజీ మీద ధ్రువీకరణ ముద్రతో చేతికి వచ్చాయి. మూడు నెలలు దొరకనివి మూడు గంటల్లో దొరికాయి. అందుకే ఈ సేవలో బలమంతా అప్పీలులోనే ఉందంటాను.

అక్కడే బెంచీ మీద కూర్చుని ఇద్దరం చూశాం. కొలతల షీటు పెన్సిలుతో రాసి ఉంది. మా షెడ్డు పొడవు 18, వెడల్పు 10 అడుగులు. ఆ పదిలో సున్నాకు కింద చిన్న తోక ఉంది. దాన్ని ఎవరో 19 అనుకుని 342 చదరపు అడుగులు వేశారు. ఉండాల్సింది 180. కప్పు అన్నచోట రేకులకు బదులు "ఆర్‌సీసీ", అంటే కాంక్రీటు స్లాబు అని ఉంది. వాడకం అన్నచోట "దుకాణం" అని ఉంది. అత్తయ్య కళ్లజోడు సరిచేసుకుని, "పెరట్లో దుకాణం ఎవరు పెడతారే అమ్మాయ్? గిరాకీ వంటింట్లోంచి రావాలా?" అంది.

పన్నెండో పేజీ చూసి మాత్రం ఇద్దరం మాట్లాడలేకపోయాం. స్పెషల్ నోటీసు అందినట్టు సంతకం ఉండాల్సిన చోట ఖాళీగా ఉంది, పక్కన "ఇంటికి తాళం" అని రాసి ఉంది. మోకాళ్ల నొప్పులతో మూడేళ్లుగా గడప దాటడమే అరుదైన మనిషి ఉన్న ఇంటికి తాళం అట.

కాగితాలు వచ్చాయంటే పన్ను తగ్గినట్టు కాదు. ఈ రెండూ వేరు వేరు దారులు, చాలామంది కలిపేస్తారు. సమాచార హక్కు అప్పీలు కాగితం ఇప్పిస్తుంది, అంతవరకే. రేపు తొంభై రోజుల్లోగా రాష్ట్ర సమాచార కమిషన్‌కు రెండో అప్పీలు వేసినా, కమిషన్ ఆ అధికారికి రోజుకు 250 చొప్పున 25,000 దాకా జరిమానా వేయగలదు గానీ మన పన్ను ముట్టుకోదు. పన్ను తప్పని చెప్పాలంటే మున్సిపల్ చట్టం కింద కమిషనర్‌కు రివిజన్ పిటిషన్ పెట్టాలి. దానికి గడువు స్పెషల్ నోటీసు అందిన రోజు నుంచి మొదలవుతుంది. మాకు ఆ నోటీసే అందలేదు, ఆ సంగతి వాళ్ల పన్నెండో పేజీయే చెబుతోంది. ఆ పేజీని పిటిషన్‌కు మొదట జత చేశాం. ఈలోగా వడ్డీ పడకుండా నోటీసులో ఉన్న పన్ను మొత్తం కట్టేసి, అభ్యంతరంతో కడుతున్నామని ఒక ఉత్తరం ఇచ్చి దానికీ ముద్ర వేయించుకున్నాం. తెలంగాణలో ఇంటి పన్నుకు చట్టం వేరు, కాబట్టి అక్కడి గడువులు అక్కడ కనుక్కోండి. సమాచార హక్కు చట్టం మాత్రం రెండు చోట్లా ఒకటే.

ఐదుకు ఎంత ఇస్తానంటే, చట్టానికి ఐదు. అప్పీలు విన్న తీరుకు నాలుగు, ఎందుకంటే ఆలస్యానికి కారణం ఏమిటని సమాచార అధికారిని ఒక్క మాట కూడా అడగలేదు. మొదటి ముప్పై రోజుల సేవకు ఒకటి, అదీ ఇన్‌వార్డులో ముద్ర వేసిన ఆయన కోసం.

నవంబరులో కొత్త బిల్ కలెక్టరు కుర్రాడు టేపు పట్టుకుని వచ్చాడు. ఒక కొస పట్టుకోవడానికి మనిషి లేక చూస్తుంటే అత్తయ్యే పట్టుకుంది. షెడ్డులో ఉన్నవి కొబ్బరి మట్టలు, మా ఆయన పాత స్కూటరు, రెండు బస్తాల పిడకలు. అతను పైకి చూసి "రేకులే కదండీ" అన్నాడు. "రాయి నాయనా, పెన్నుతో రాయి" అంది అత్తయ్య. పెన్నుతోనే రాశాడు. జనవరిలో ఉత్తర్వు వచ్చింది: ఆరు నెలలకు 1,310 రూపాయలు, ఎక్కువ కట్టింది వచ్చే పన్నులో సర్దుబాటు. ఆ ఉత్తర్వూ పదమూడు పేజీలూ ఇప్పుడు ఇంటి దస్తావేజుల కవరులోనే ఉన్నాయి.